ఇంటికి కెటిల్, టీపాట్ ఎంచుకునేటప్పుడు చూడవలసినవి

మీరు అడిగిన విషయాలను ముందుగా ఒకచోట పెట్టుకుంటాను. హైదరాబాదులో అపార్టుమెంటులో ఉంటున్నారు. కొళాయిలో ఒకనాడు మంజీరా నీళ్లు, ఒకనాడు బోరు నీళ్లు వస్తాయి. మీ అత్తగారికీ మామగారికీ పాలు పోసి బాగా మరిగించిన అల్లం టీ కావాలి. మీరూ మీవారూ ఈమధ్య డార్జిలింగ్ ఆకు టీకీ, గ్రీన్ టీకీ అలవాటు పడుతున్నారు. ఇన్నిటికీ ఒకే కరెంటు కెటిల్ సరిపోతుందా, అందులో పాలు కాచవచ్చా, ఆన్‌లైన్‌లో చూసిన నల్లని పోత ఇనుప కెటిల్ కొనవచ్చా, చదువుకోవడానికి అమెరికా వెళ్తున్న అమ్మాయికి ఒక కెటిల్ ఇచ్చి పంపాలా అన్నవి మీ సందేహాలు. వంటసామాన్ల దుకాణంలో చాలాకాలం ఈ వస్తువులు అమ్మి, పాడై తిరిగి వచ్చినవాటిని విప్పి చూసినవాడిని కాబట్టి, నాకు తెలిసినంత వివరంగా చెబుతాను.

అన్నిటికన్నా ముందు ఒక సంగతి తేల్చుకుంటే మిగిలినవి సులువవుతాయి. కెటిల్ పని నీళ్లు కాచడం. టీపాట్ పని కాగిన నీళ్లలో ఆకును నానబెట్టి, సారం దిగిన తరువాత కప్పుల్లోకి ఒలకకుండా వంచడం. పాలు, అల్లం, టీపొడి, చక్కెర కలిపి పొంగించే టీ ఈ రెండిటికీ చెందదు. దానికి పొయ్యి మీది గిన్నే సరైన పాత్ర. ఈ మూడు పనులనూ ఒకే వస్తువుతో సాధించాలని చూసినప్పుడే డబ్బు వృథా అవుతుంది. నీళ్లు కాచే గాజు కెటిల్‌లోనే ఆకు వేసుకునే జల్లి అమర్చి, రెండూ ఒకటేనని అమ్ముతున్నారు. వాటిలో నాలుగు రోజులకే గాజుకు గోధుమరంగు పట్టేస్తుంది, అడుగున చేరిన టీ మడ్డి మళ్లీ మళ్లీ మాడుతుంది, ఆ తరువాత ఉత్త నీళ్లు కాచినా పాత టీ వాసన పోదు.

ఇక పాల సంగతి. మామూలు కరెంటు కెటిల్‌లో పాలు కాచకండి. ఎందుకు వద్దంటున్నానో అర్థం కావాలంటే, నీళ్లు మరిగాక కెటిల్ తనంతట తాను ఎలా ఆగుతుందో తెలియాలి. మూత కింద, పిడి వైపున ఒక చిన్న సందు ఉంటుంది. నీళ్లు మరగగానే ఆవిరి ఆ సందు గుండా వెళ్లి, స్విచ్చి దగ్గర ఉన్న పల్చని లోహపు బిళ్లను వేడెక్కిస్తుంది. వేడికి వేర్వేరుగా వ్యాకోచించే రెండు లోహాలను అతికించి చేసిన ఆ బిళ్ల టక్కున వంగి స్విచ్చిని ఆపేస్తుంది. పాలు పొంగితే ఆవిరికి బదులు నురుగు ఆ సందులోకి పోతుంది, అక్కడే ఎండిపోతుంది, కొన్నాళ్లకు దారి మూసుకుపోయి కెటిల్ ఆగడం మానేస్తుంది. అడుగున పాలు అంటుకుని మాడడం దీనికి అదనం. ‘ఆగడం లేదు’ అంటూ దుకాణానికి తిరిగి వచ్చిన కెటిళ్లను విప్పినప్పుడు ఆ సందులో పసుపుపచ్చగా గట్టిపడిన పాల చెక్క కనిపించడం నాకు మామూలే. వెడల్పు నోరూ, వేడి తగ్గించుకునే మీటా ఉండి, పాలకూ నూడుల్స్‌కూ పనికివచ్చేలా తయారుచేసిన మల్టీ కెటిళ్లు వేరే ఉన్నాయి. హాస్టలు గదికి అవి మంచివే, కానీ గ్యాసు పొయ్యి ఉన్న మీ ఇంటికి వాటి అవసరం లేదు.

మీ అత్తగారి టీని అలాగే ఉండనివ్వండి. పట్టుకోవడానికి పొడవైన పిడీ, వంచడానికి అంచున చిన్న కొమ్మూ ఉన్న దళసరి అడుగు స్టీలు గిన్నె ఒకటి, సన్నని జాలీ ఒకటి ఉంటే చాలు. పచ్చి అల్లం దంచి నేరుగా పాలలో వేస్తే కొన్నిసార్లు పాలు విరుగుతాయి, ఎందుకంటే పచ్చి అల్లంలో పాల మాంసకృత్తులను విరగగొట్టే గుణం ఉంటుంది. ముందు నీళ్లలో అల్లం వేసి రెండు నిమిషాలు తెర్లనిచ్చి, ఆ తరువాత పొడీ పాలూ కలిపితే ఆ ఇబ్బంది ఉండదు.

ఇప్పుడు కెటిల్ ఎంపికకు వద్దాం. దుకాణంలో ముందుగా మూత తెరిచి లోపలికి చూడండి, బయటి రంగును తరువాత చూడవచ్చు. వేడి నీళ్లు తగిలే చోటంతా, అంటే అడుగు, గోడలు, వీలైతే మూత లోపలి భాగం కూడా స్టీలుతో ఉండడం మంచిది. నీటి మట్టం చూపించడానికి పక్కన ప్లాస్టిక్ కిటికీ పెట్టినవి చూడడానికి సౌకర్యంగా ఉంటాయి కానీ, ఆ అతుకు దగ్గరే కొంతకాలానికి నీరు కారడం మొదలవుతుంది. పాతరకం కెటిళ్లలో వేడిచేసే తీగచుట్ట నీళ్లలోనే మునిగి ఉండేది, దాన్ని తోమడం నరకం. అడుగు పళ్లెం చదునుగా ఉండి తీగ దాని కింద దాగి ఉన్నదే తీసుకోండి. చేయి పట్టేంత వెడల్పు నోరు లేని కెటిల్ ఎంత అందంగా ఉన్నా వద్దు, దాన్ని శుభ్రం చేయలేరు.

స్టీలు విషయంలో ఒక అపోహ బాగా పాతుకుపోయింది. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలని చాలామంది నమ్ముతారు. 304 రకం స్టీలులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెలు ఉంటాయి, దానికి అయస్కాంతం దాదాపు అంటుకోదన్నది నిజమే. అయితే నికెలు తగ్గించి మాంగనీసు పెంచి చవకగా చేసే 201, 202 రకాలకూ అది అంటుకోదు, ఆ రకాలే ఉప్పదనం ఉన్న నీళ్లకు తొందరగా మచ్చలు పడతాయి. కాబట్టి అయస్కాంతాన్ని నమ్ముకోకుండా, పెట్టె మీద కానీ అడుగున కానీ 304 అని ముద్రించి ఉందా, ఐఎస్‌ఐ గుర్తు ఉందా అని చూడండి. లోపల నీళ్లు ఎండిపోయినప్పుడు తనంతట తాను ఆగిపోయే రక్షణ ఉందో లేదో కూడా అడిగి తెలుసుకోండి. వయసు మీరినవారున్న ఇంట్లో అది తప్పనిసరి.

పరిమాణం గురించి అందరూ గరిష్ఠం చూస్తారు, నేను కనిష్ఠం చూడమంటాను. ఒకటిన్నర లీటరు కెటిళ్లలో చాలావాటికి కనీసం అర లీటరు నీళ్లుండాలని లోపల గీత ఉంటుంది. ఒక్క కప్పు టీ కోసం అర లీటరు కాచడం రోజూ జరిగే వృథా. మీ ఇద్దరి కోసమే అయితే ఒక లీటరుది, బంధువుల రాకపోకలు ఎక్కువైతే ఒకటిన్నర లీటరుది సరిపోతుంది.

కరెంటు పాయింటు సంగతిని చాలామంది పట్టించుకోరు. 230 వోల్టుల దగ్గర చిన్న 6 ఆంపియర్ల ప్లగ్గు పాయింటు మోయగలిగేది 1,380 వాట్లు మాత్రమే. 1,500 వాట్ల కెటిల్‌ను దానికి, అందులోనూ పొడిగింపు బోర్డు ద్వారా తగిలిస్తే పాయింటు వేడెక్కి, నల్లబడి, చివరికి కరిగిపోతుంది. మిక్సీకి వాడే చిన్న పాయింటు కాకుండా, ఫ్రిజ్‌కో మైక్రోవేవ్‌కో ఇచ్చినట్టి 16 ఆంపియర్ల పెద్ద పాయింటు వంటగట్టు దగ్గర ఉందో లేదో చూసుకున్నాకే 1,500 వాట్లది కొనండి. ఇళ్లలో ఉండే మామూలు ఇన్వర్టరు ఈ భారాన్ని మోయలేదు, కనుక కరెంటు పోయిన వేళ గ్యాసు మీది గిన్నే దిక్కు. గ్యాసు మీద పెట్టి ఈల వేసే స్టీలు కెటిల్ ఆ విధంగా నమ్మకమైనది. మంట అడుగు దాటి పక్కలకు ఎగబాకకుండా చూసుకుంటే పిడి కాలదు.

ఖర్చు గురించి కూడా ఒక మాట చెప్పాలి. 25 డిగ్రీల నీళ్లు ఒక లీటరు మరగడానికి సుమారు 314 కిలోజౌళ్ల శక్తి కావాలి. 1,500 వాట్ల కెటిల్ దాన్ని నాలుగు నిమిషాల్లో, దాదాపు పదో వంతు యూనిట్‌తో ముగిస్తుంది; పొయ్యి మీద మంటలో కొంత గాలికి పోతుంది కాబట్టి పదకొండు, పన్నెండు గ్రాముల గ్యాసు ఖర్చవుతుంది. మీ ఇంటి కరెంటు రేటుతో, సిలిండరు ధరతో లెక్క కట్టి చూడండి, తేడా పైసల్లోనే తేలుతుంది. అందువల్ల పొదుపు పేరుతో ఏదీ ఎంచుకోనక్కరలేదు, సౌకర్యం చూసుకుంటే చాలు.

మీ విషయంలో కెటిల్ ఆయుష్షును తేల్చేది నీళ్లే. బోరు నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు మరగగానే విడివడి, తెల్లని సున్నపు పొరగా అడుగున పేరుకుంటాయి. తాగునీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదని, వేరే నీటివనరు లేనప్పుడు 600 వరకు సరిపెట్టుకోవచ్చని భారత ప్రమాణాల సంస్థ చెబుతోంది. మన ఊళ్లలో ఎన్నో బోర్లు ఆ మొదటి హద్దును దాటే ఉంటాయి. ఆ పొర దళసరి అయినకొద్దీ వేడి నీళ్లకు చేరడం ఆలస్యమై, అడుగు పళ్లెం అతిగా వేడెక్కి, కెటిల్ ముందుగానే ఆగిపోవడం మొదలవుతుంది. పొలుసులు ఊడి కప్పులోకి వస్తాయి. రుచికీ నష్టమే: కఠిన జలంతో చేసిన బ్లాక్ టీ రంగు మొద్దుబారి, పైన సన్నని జిడ్డులాంటి తెట్టు కడుతుంది. డార్జిలింగ్ ఆకును ఎంత ధర పెట్టి కొన్నా బోరు నీళ్లలో దాని సువాసన తెలియదు. కాబట్టి కెటిల్‌కు మంజీరా నీళ్లు కానీ శుద్ధి యంత్రపు నీళ్లు కానీ మాత్రమే వాడండి.

పేరుకున్న పొరను గోకకండి; స్టీలు మీద గీతలు పడితే పొర మరింత త్వరగా పేరుకుంటుంది. లీటరు నీళ్లలో ఒక పెద్ద చెంచాడు నిమ్మ ఉప్పు వేసి, కాచి ఆపి, అరగంట వదిలేస్తే సున్నం బుసబుసమని నురుగుకట్టి కరిగిపోతుంది. పారబోసి, మరోసారి ఉత్త నీళ్లు కాచి పారబోస్తే వాసన కూడా ఉండదు. నల్లగొండ, ప్రకాశం వంటి ఫ్లోరైడు పీడిత ప్రాంతాల్లో ఉన్న మీ బంధువులకు ఒక విషయం తప్పక చెప్పండి: కాచడం వల్ల ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరైనకొద్దీ దాని గాఢత పెరుగుతుంది కూడా. అక్కడ కెటిల్ కన్నా ముందు శుద్ధమైన నీరు సమకూర్చుకోవాలి.

గ్రీన్ టీ కోసం ఉష్ణోగ్రత నిర్ణయించుకునే ఖరీదైన కెటిల్ కావాలా అని మీకు అనిపించవచ్చు. గ్రీన్ టీకి 75 నుంచి 80 డిగ్రీలు, తొలికోత డార్జిలింగ్‌కు 90 ప్రాంతం, అస్సాం టీకి సలసల మరిగే నీళ్లు సరిపడతాయన్నది నిజమే. మరుగుతున్న నీళ్లు నేరుగా పోయడం వల్లనే చాలా ఇళ్లలో గ్రీన్ టీ చేదెక్కి, కషాయంలా బలవంతాన మింగవలసి వస్తోంది. కానీ దీనికి యంత్రం అక్కరలేదు. మూడు గ్లాసుల మరిగిన నీళ్లకు ఒక గ్లాసు మామూలు తాగునీరు కలపండి. మన ఇళ్లలోని వాతావరణానికి అది 80 డిగ్రీల దగ్గరకు వస్తుంది. రోజుకు నాలుగైదుసార్లు గ్రీన్ టీ తాగేవారికి మాత్రం ఆ కెటిల్ మంచి సౌకర్యం, కొనుక్కోవచ్చు.

టీపాట్ దగ్గరకు వచ్చేసరికి నాకు చెప్పాలనిపించేది ఎక్కువ, ఎందుకంటే జనం అత్యంత తొందరపాటుతో కొనేది దీన్నే. బొమ్మలు చూసి కొంటారు, ఇంటికి వెళ్లి వంచగానే టీ కొమ్ము కిందుగా కారి బల్లగుడ్డ పాడవుతుంది. నీళ్లు పోసి చూడనిచ్చే దుకాణంలోనే కొనండి. మూడొంతులు నింపి, ధారగా వంచి, ఒక్కసారిగా ఆపండి. కొమ్ము చివర అంచు పల్చగా, కోసినట్టు ఉంటే ధార తెగిపోతుంది. అంచు మందంగా, గుండ్రంగా ఉంటే చివరి చుక్క కొమ్మును అంటిపెట్టుకుని కిందికి జారుతుంది. ఆ తరువాత మూత మీదున్న చిన్న రంధ్రాన్ని వేలితో మూసి వంచండి. గాలి లోపలికి పోయే దారి లేక ధార ఆగిపోవాలి లేదా బాగా సన్నగిల్లాలి. అలా జరిగితే మూత చక్కగా కూర్చున్నట్టు. అసలు రంధ్రమే లేని టీపాట్ గుటగుటలాడుతూ ఒలకబోస్తుంది. కొమ్ము కొస టీపాట్ నోటి అంచుకన్నా కిందకు ఉంటే, పూర్తిగా నింపకముందే కొమ్ములోంచి కారిపోతుంది. ఇది కంటితోనే తెలుస్తుంది. చివరగా బాగా వంచి, మూత జారి పడుతోందో లేదో చూడండి. మీ మామగారి చేతికి కూడా ఇచ్చి చూడండి: పిడిలో మూడు వేళ్లు పట్టాలి, పట్టిన వేళ్ల కణుపులు వేడి గోడకు తగలకూడదు.

లోపలి జల్లి విషయానికి వస్తే, గొలుసుకు వేలాడే చిన్న గుండ్రని జల్లిబంతులు నాకు సమ్మతం కాదు. ఆకు నీళ్లలో నాని రెండు మూడింతలు విచ్చుకుంటుంది, దానికి చోటు కావాలి. టీపాట్ నోటి వెడల్పంతా ఉండి, అడుగు దాకా దిగే బుట్టలాంటి స్టీలు జల్లి కావాలి. పొట్టిదైతే సగం నింపినప్పుడు నీళ్లు ఆకును అందుకోవు. కొమ్ము మొదట్లో పింగాణీలోనే రంధ్రాలు చేసిన టీపాట్లు పెద్ద ఆకుకు బాగుంటాయి, కానీ మనం పాల టీకి వాడే సన్నని రవ్వ, డస్ట్ రకాలు వాటిలోంచి సూటిగా కప్పులోకి వచ్చేస్తాయి. ఆ రవ్వ టీ 1930ల నుంచి అస్సాంలో యంత్రాలతో నలిపి, చీల్చి, చుట్టడం వల్ల వచ్చింది. రంగు త్వరగా, చిక్కగా దిగడానికి చేసిన టీ అది. దాన్ని టీపాట్‌లో వేయాలంటే చాలా సన్నని జల్లి ఉండాలి.

దేనితో చేసినది అంటే, మీ ఇంటికి నేను నిస్సంకోచంగా చెప్పేది లోపల తెల్లని నున్నటి మెరుపు పూత ఉన్న పింగాణీ టీపాట్. అది ఏ రుచినీ పీల్చుకోదు, ఏ రుచినీ కలపదు, పొద్దున అస్సాం, సాయంత్రం గ్రీన్ టీ చేసినా ఒకదాని వాసన మరొకదానికి అంటదు. టీ రుచి చూసే నిపుణుల కోసం 1980లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం కూడా పింగాణీ లేదా మెరుపు పూత ఉన్న మట్టి పాత్రనే వాడమంటుంది. 100 మిల్లీలీటర్ల నీళ్లకు 2 గ్రాముల ఆకు, ఆరు నిమిషాలు దాని లెక్క. అది లోపాలు బయటపెట్టడానికి చేసే చిక్కని టీ. ఇంట్లో తాగడానికి అందులో సగం ఆకు, మూడు నిమిషాలు చాలు. గాజు కావాలంటే బొరోసిలికేట్ అని రాసి ఉన్నదే తీసుకోండి. వేడికి అది మామూలు గాజులో మూడో వంతు మాత్రమే వ్యాకోచిస్తుంది, అందుకే మరిగే నీళ్లు పోసినా పగలదు. ఆకు విచ్చుకోవడం చూడడం ఒక ఆనందమే, కానీ గాజులో టీ త్వరగా చల్లారుతుంది. చైనాలోని యీషింగ్ ఎర్రమట్టి టీపాట్లు గొప్పవే, కానీ పూత లేని ఆ మట్టి టీ వాసనను పీల్చుకుంటుంది కనుక ఒక్కోదాన్ని ఒక్క రకం టీకే కేటాయించాలి, పైగా ఎక్కువభాగం రెండు మూడు చిన్న కప్పులకు మించవు. ఇత్తడి, రాగి పాత్రలు వాడదలిస్తే లోపల కళాయి పూత చెక్కుచెదరకుండా ఉండాలి. నిమ్మరసం పిండే టీకి అవి అసలు వద్దు.

మీకు నచ్చిన నల్లని పోత ఇనుప పాత్ర గురించి జాగ్రత్తగా వినండి, ఎందుకంటే ఇందులో మోసపోయేవారు ఎక్కువ. జపానులో ఇనుప పాత్రలు రెండు విధాలు. లోపల పూత లేకుండా, నిప్పు మీద నీళ్లు కాచడానికి చేసేది తెత్సుబిన్. ఇవాతే ప్రాంతపు నంబు ఇనుప పనిలో ఇది పేరుపొందింది. చూడడానికి అలాగే ఉండి, లోపల ఎనామిల్ పూతతో టీ నానబెట్టడానికి మాత్రమే చేసేది రెండోది. మన దగ్గర ఆన్‌లైన్‌లో దొరికేవి దాదాపు అన్నీ ఈ రెండో రకమే, అయినా పేరు మాత్రం కెటిల్ అని పెడుతున్నారు. దాన్ని గ్యాసు మీద పెడితే ఎనామిల్ చిట్లి, కింద ఇనుము తుప్పు పడుతుంది. లోపల జల్లిబుట్ట ఉండి, గోడలు నల్లగా నిగనిగలాడుతుంటే అది పొయ్యికి పనికిరాదని గుర్తుపట్టండి. టీ అందులో చాలాసేపు వేడిగా ఉంటుందన్నది నిజమే, కానీ ఖాళీ పాత్రే కిలోకు పైగా తూగుతుంది, నింపాక మీ అత్తగారు ఒక చేత్తో వంచలేరు. వేడి నిలవడానికి పింగాణీ టీపాట్‌ను ముందుగా వేడినీళ్లతో కడిగి, ఆ నీళ్లు పారబోసి, ఆకు వేసి, పైన దూది కూర్చిన గుడ్డ టోపీ ఒకటి కప్పితే సరిపోతుంది.

అమ్మాయికి ఇక్కడి కెటిల్ ఇచ్చి పంపకండి. అమెరికాలో ఇళ్లకు వచ్చేది 120 వోల్టులు. మన 1,500 వాట్ల కెటిల్ అక్కడ 400 వాట్ల దగ్గరే పనిచేస్తుంది, లీటరు నీళ్లకు పావుగంట పడుతుంది. అక్కడ కొన్న కెటిల్‌ను సెలవులకు వచ్చినప్పుడు ఇక్కడ తగిలించడం మాత్రం ప్రమాదం, మూడు రెట్లకు మించిన భారంతో క్షణాల్లో కాలిపోతుంది. అక్కడికి వెళ్లాకే కొనుక్కోమనండి. సామానులో బరువు తక్కువగా ఉండే సన్నని స్టీలు జల్లిబుట్ట ఒకటి పెట్టండి, ఏ కప్పులోనైనా వేసుకోవచ్చు.

ఇన్ని చెప్పాక మీ ఇంటికి నా సలహా ఇది. ముందుగా 600 నుంచి 750 మిల్లీలీటర్ల పింగాణీ టీపాట్, లోతైన స్టీలు జల్లితో కొనండి. పొయ్యి మీద గిన్నెలో నీళ్లు కాచుకుంటూ కొన్ని వారాలు వాడండి. ఆకు టీ అలవాటు నిలబడిందనుకున్నాక ఒక లీటరు స్టీలు కెటిల్ తీసుకోండి. మీ అత్తగారికి ఎప్పుడైనా మార్పు కావాలనిపిస్తే, మన ఇరానీ హోటళ్లలో చేసినట్టు డికాక్షన్ వేరుగా, పాలు వేరుగా సిద్ధం చేసి చూపించండి: టీపాట్‌లో మంచి రవ్వ టీని మరిగే నీళ్లతో అయిదు నిమిషాలు మూతపెట్టి ఉంచి, చిక్కగా మరగకాచిన పాలలో కలపండి. నచ్చకపోతే పాత పద్ధతినే కొనసాగించండి. కొత్త కెటిల్‌ను వాడేముందు రెండుసార్లు నీళ్లు కాచి పారబోయండి. టీపాట్ లోపల మరకలు పడితే సబ్బూ పీచూ కాకుండా, తడి గుడ్డ మీద వంట సోడా చల్లుకుని రుద్దండి. కొమ్ము లోపలికి చేయి పోదు కాబట్టి, వేడి నీళ్లలో అదే సోడా కలిపి రాత్రంతా నింపి ఉంచితే పొద్దునకల్లా మడ్డి వదిలి వస్తుంది.